గండికోట యాత్రయు సీసాల సంస్కృతియు

శనివారము సాయంకాలమగుసరికి బెంగుళూరు, హైదరాబాదు నగరములనుండి కార్లును మోటారు సైకిళ్లును జమ్మలమడుగు దారి పట్టుట నేడు పరిపాటియైనది. ఆ యూరికి సుమారు 15 కిలోమీటర్ల దూరమున పెన్నానది యెఱ్ఱమల కొండలను చీల్చుకొని పాఱుచున్నది. ఆ గండి యంచుననే పెమ్మసాని నాయకుల కోట నిలిచియున్నది. దానిని చూడ వచ్చువారిని మేము నిందింపబోము. దేశము చూడనివానికి దేశభక్తి యెట్లు కలుగును? ఆదివారము సూర్యోదయమును ఆ లోయపై చూచినవాడు రాయలసీమను కఱవుసీమయని మాత్రమే తలపడు.

కాని వచ్చువారిలో కొందఱు చూచుటకు గాక త్రాగుటకు వచ్చుచున్నారు. వారు పోయిన పిమ్మట మిగులునవి పొదలలో పగిలిన గాజుపెంకులు, ప్రాకారము క్రింద కాగితపు పొట్లములు. మాధవరాయ దేవాలయ గోపురము, జుమ్మామసీదు, ధాన్యాగారము ఒకే కోటలో వెలసిన యీ స్థలము మన పూర్వులు మనకిచ్చిన సొత్తు. 1652లో ఫ్రాన్సు దేశపు రత్నవర్తకుడు టావెర్నియే యిచ్చటికి వచ్చి మీర్ జుమ్లాను దర్శించి తాను కన్నది వ్రాసిపెట్టెను. వ్యాపారమునకు వచ్చిన పరదేశి గ్రంథము మిగిల్చెను. విహారమునకు వచ్చిన స్వదేశి సీసా మిగుల్చుచున్నాడు! అంతేగాక, నిట్టనిలువు కొండచరియపై మైకము తలకెక్కినవానికి ఒక్క తప్పటడుగు చాలును.

“వచ్చినవాడు సొమ్ము ఖర్చు పెట్టును, పల్లె బాగుపడును, మీ కేల యీ నీతులు?” అని కొందఱందురు. ఈ వాదము ఐరోపాలోనే వీగిపోవుచున్నది. త్రాగి తిరుగుటకే వచ్చు విదేశీ యువకులను రావలదని ఆమ్‌స్టర్‌డాము నగరము 2023లో బహిరంగముగా ప్రకటించెను. మద్యశాల వెంట మద్యశాలకు గుంపులను త్రిప్పు రాత్రి యాత్రలను ప్రాగు నగరము 2024లో నిషేధించెను. మద్యము అలవాటైన దేశములే విసిగి విడుచుచున్న దానిని మనము క్రొత్తగా నెత్తి కెత్తుకొనుట వివేకమా?

కడపజిల్లాకు ఈ విషయమున ఒక ఘనత కలదు. రాజాజీ మంత్రివర్గము 1937లో సేలమున ఆరంభించిన మద్యనిషేధమును మఱుసటి సంవత్సరము చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసెను. తెలుగునాట ఆ ప్రయోగము మొట్టమొదట చూచిన జిల్లాలలో మనది యొకటి. 1995లో ఆంధ్రప్రదేశమున వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో తొలగెను. శాసనము మాఱవచ్చును, రాజ్యాంగము 47వ అధికరణమున చెప్పిన ఆదర్శము మాఱలేదు.

2024లో కేంద్రప్రభుత్వము గండికోట అభివృద్ధికి 77 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసినది. ఆ ధనము దారులకు, మంచినీటికి, మఱుగుదొడ్లకు, అంచున రక్షణకు వినియోగపడినచో సంతోషమే. దాని నీడను బారులు మొలచినచో అది అభివృద్ధి కాదు. కోట ద్వారముకడనే వాహనములను సోదాచేసి సీసాలను లోనికి పోనీయకుండుట అధికారుల విధి.

అయినను ప్రభుత్వముపైననే భారము వేసి మనము చేతులు ముడుచుకొనరాదు. ప్రొద్దుటూరు వర్తకులు దసరాకు అమ్మవారిశాలలో చేయు వైభవము లోకవిదితము. వారును, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల భూస్వాములును తలచుకొన్నచో యాత్రికులకు చక్కని సత్రమొకటి లేవదా? రాగిసంగటి పెట్టి, కోటకథ చెప్పు స్థానిక యువకులను తోడిచ్చి, ప్రొద్దుటూరి అగస్త్యేశ్వరాలయమును, మైలవరము జలాశయమును, వేంపల్లె చేరువ పాపఘ్నీనది గండిలోని ఆంజనేయుని చూపినచో, వచ్చినవాడు రెండు దినములు నిలుచును. ఆ సొమ్ము పల్లె యింటికే చేరును. సారాయి సొమ్ము అట్లు చేరదు.

తుదకు మఱియొక మాట. సీసాలు తెచ్చువారందఱును పరాయివారే యని మనలను మనము మోసపుచ్చుకొనరాదు. మన యిండ్లనుండి ఆదివారము బయలుదేఱు బండ్లలో ఏమున్నదో ముందు మనమే చూచుకొందుము గాక. ఇంటివాడు గౌరవింపని కోటను అతిథి గౌరవించునా?