ఇంటి నీరు, ఊరి నీరు

ఎవరి యారోగ్యము వారి చేతిలోనిదను మాట నేడు చదువుకొన్న కుటుంబములలో వేదవాక్యమువలె చెల్లుచున్నది. మితాహారము, వ్యాయామము, మంచి వైద్యుడు, ఈ మూడును గల గృహస్థునకు వేఱు చింత యక్కఱలేదట! ఊరి బావి యెట్లున్న నేమి? కూలివాని కంచములో నేమున్న నేమి? ఈ వాదమును మేము ఖండించుచున్నాము.

ఇది మన పూర్వశాస్త్రముల బోధయే యని కొంద ఱందురు. వారు చరకసంహితలో విమానస్థానమునందలి మూడవ యధ్యాయమును చదివి యుండరు. ప్రకృతిచేతను, ఆహారముచేతను, బలముచేతను భిన్నులైన జనులు ఒకే కాలమున ఒకే వ్యాధిచే నేల నశింతురని యగ్నివేశు డడిగెను. గాలి, నీరు, నేల, కాలము అందఱకును ఉమ్మడి గనుక అవి చెడినచో జనపదమే చెడునని యాత్రేయుడు బదులు చెప్పెను. ఆ చెడుటకు మూలము పాలకులును ప్రజలును ధర్మము తప్పుటయే యనియు తేల్చెను. ఒక్కొక్కని పథ్యమునకు లొంగని రోగములు కలవని ప్రాచీను లెఱుగుదురు, మఱచినవారము మనమే.

ప్రత్యక్షప్రమాణము కావలెనా? నల్లగొండ జిల్లా కథ వినుడు. అచటి గ్రానైటు శిలలనుండి ఫ్లోరైడు భూగర్భజలములో కలియును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు గల నీటిని ఏండ్లతరబడి త్రాగినచో దంతములపై మచ్చలు పడును. మోతాదు మిక్కిలి హెచ్చినచో కీళ్లు బిగియును, వెన్ను వంగును. ఆ వెన్నును మరల నిలువబెట్టు నౌషధము లేదు. కాచిన నీటిలో ఫ్లోరైడు తగ్గదు సరికదా, ఆవిరి పోయినకొలది చిక్కనగును. పాలు, పండ్లు కొనలేని బీదవాని యెముకలు మఱింత త్వరగా చెడును. పొరుగుననున్న నాటి మద్రాసు రాజధానిలో ఈ వ్యాధి కలదని వైద్యులు 1937లోనే ప్రకటించిరి. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తొలగించు విధానమునకు నల్లగొండ పేరే వచ్చినది. పేరు వచ్చినంత వేగముగా మంచినీరు రాలేదు. తుదకు పల్లెలకు ఊరట కలిగించినది ఆసుపత్రి కాదు, గొట్టములలో వచ్చిన కృష్ణానీరు.

ఇట్టి యూళ్లలో విద్యావంతులు చేయున దేమి? ఇంట శుద్ధియంత్రము పెట్టుకొందురు, లేదా డబ్బానీరు కొందురు. దానిని మేము తప్పుపట్టము; బిడ్డలను కాపాడుకొనుట ధర్మమే. కాని డబ్బా యింటికి వచ్చిన నాటినుండి గ్రామసభకు పోవుట మానుదురు. మా యాక్షేపణ యిదియే. మాట చెల్లువారు తప్పుకొన్నపిదప వీధికొళాయికి దిక్కెవ్వరు?

పామరులకు ఈ సంగతు లేమి తెలియునందురా? మహారాష్ట్రమున జామ్‌ఖేడులో రజనీకాంత్, మేబెల్ ఆరోలే అను వైద్యదంపతులు 1970లో పని ప్రారంభించి, చికిత్సతో తృప్తిపడక, పల్లెల స్త్రీలకు ఆరోగ్యవిద్య నేర్పిరి. వారిలో పలువురు నిరక్షరాస్యలు, అణగద్రొక్కబడిన కులములవారు. ఆ స్త్రీలే మంచినీటిని, శిశువుల యాహారమును, బాల్యవివాహములను, అంటరానితనమును ఊరి చర్చకు తెచ్చిరి. శిశుమరణములు తగ్గినవి.

కావున మీ యూరి నీటిని పరీక్షింపించి, ఫలితమును పంచాయతీ గోడపై వ్రాయుమని యడుగుడు. గ్రామసభకు మీరు పోవుడు; మీ యింటి స్త్రీలను వెంట గొనిపోవుడు; దళితవాడలోని కొళాయి సంగతి ముందుగా విచారింపుడు. ఇది పరోపకార మనుకొనవలదు. డబ్బా యింటనే యుండును. మీ పిల్లవాడు బడిలో త్రాగునది ఊరి నీరే.