దాగిన సూత్రము

సామాన్య జ్ఞాన పరీక్షలకు ఈ కాలమున గల ఆదరణ మునుపెన్నడును లేదు. పాఠశాలలలో బాలబాలికలు, నగరములలోని శిక్షణ కేంద్రములలో ఉద్యోగార్థులైన యువతీయువకులు రాజధానుల పేర్లను, నదుల పొడవులను, బహుమానములు పొందినవారి పట్టికలను రేయింబవళ్ళు వల్లె వేయుచున్నారు. ఇందు తప్పు పట్టవలసినది లేదు. ధారణ లేని విద్య చిల్లికుండలో నీరు వంటిదని మన పెద్దలెరుగుదురు. కాని అడిగిన క్షణముననే చేతిలోని ఫోను జవాబు చెప్పు ఈ దినములలో విడివిడి జవాబుల వెల నానాటికి తగ్గుచున్నది. పూసలు ఎన్ని పోగు చేసినను దారము లేనిదే దండ కాజాలదు. ఆ దారమును వెదకు నేర్పు విద్యార్థికి ఎవరు చెప్పుచున్నారు?

ఈ లోటును కొంత తీర్పగల వినోదమొకటి కలదు. ప్రశ్నలడుగువాడు ఐదో పదో ప్రశ్నలు వరుసగా అడుగును. ఒకటి చరిత్రకు, వేరొకటి వృక్షశాస్త్రమునకు, మరియొకటి సినిమాకు సంబంధించినదై యుండును. వాని నడుమ పొత్తు ఏమియు కనబడదు. జవాబులన్నియు వచ్చిన పిదప అసలు ప్రశ్న వచ్చును: ఈ జవాబులన్నిటిని కలుపునది ఏది? అంతవరకు చకచక జవాబులు చెప్పినవాడు అచ్చట తడబడుటయు, అంతవరకు మౌనముగా కూర్చున్నవాడు చప్పున లేచి రహస్యము విప్పుటయు తరచుగా జరుగును. ఈ ఆటకు అందము తెచ్చునది ఈ తారుమారే.

ఇది పడమటి దేశముల నుండి దిగుమతియైన వేడుక యని కొందరు తలచుచున్నారు. తెలుగు సాహిత్యముతో పరిచయము గలవారికి ఇది పాత చుట్టమే. మన ఆలంకారికులు అంతర్లాపి, బహిర్లాపి యని ప్రశ్నోత్తర చిత్రములను విభజించిరి. జవాబు పద్యములోనే దాగియుండిన అది అంతర్లాపి. వెలుపలి నుండి తెచ్చుకొనవలసి యుండిన అది బహిర్లాపి. మూడు పాదములలో మూడు ప్రశ్నలడిగి, జవాబులు ఇందే యున్నవి సుమా యని నాలుగవ పాదమున ఎత్తిపొడుచు సంస్కృత శ్లోకమొకటి పండితలోకమున ప్రసిద్ధము. ప్రతి పాదము యొక్క మొదటి యక్షరమును, తుది యక్షరమును కలుపుకొన్నవారికి సీత, రాముడు, విద్య అను జవాబులు దొరకును. అవధాన సభలలోని దత్తపది ఈ యాటకు అద్దములోని నీడ వంటిది. అచ్చట పృచ్ఛకుడు ఒకదానితో నొకటి పొసగని నాలుగు పదములను ఇచ్చును. వానిని కలుపు భావమును అవధాని కల్పింపవలెను. ఇచ్చట భావము ముందే యున్నది, దానిని కనుగొనవలెను. కల్పించుట కవిధర్మము, కనుగొనుట విద్యార్థి ధర్మము.

ఈ తీరున అడిగిన ప్రశ్నలలో తలమానికమైనవి యక్షప్రశ్నలు. అరణ్యపర్వ శేషమున ఎఱ్ఱన తెలుగు చేసిన ఆ కథలో యక్షుని ప్రశ్నలు పైకి చెల్లాచెదరుగానే కనబడును. భూమికంటె బరువైనది ఏది, గాలికంటె వేగమైనది ఏది యనునట్టి ప్రశ్నలకు పక్కనే సుఖమును గూర్చి, మిత్రులను గూర్చి, దానమును గూర్చి ప్రశ్నలున్నవి. ధర్మరాజు అన్నిటికిని జవాబు చెప్పెను. ఒక్క తమ్ముని బ్రతికింతును, కోరుకొమ్మని యక్షుడు పలుకగా, భీమార్జునులను విడిచి నకులుని కోరెను. కుంతి బిడ్డలలో తానొకడు బ్రతికియున్నాడు గనుక మాద్రి బిడ్డలలోను ఒకడు మిగులవలెనని యాతని భావము. అప్పుడు యక్షుడు తాను యమధర్మరాజునని తెలియజేసెను. జవాబులన్నిటిలో దాగిన సూత్రము ధర్మము, అడిగినవాడును ధర్ముడే. నకులుని కోరుకొనుట ఏ పాఠమునను వల్లె వేసిన జవాబు కాదు. సూత్రము తెలిసినవాడే ఆ జవాబు చెప్పగలడు.

ఈ పద్ధతిని మన ఊరి మట్టికి వర్తింపజేసి చూచుట మంచిది. ఈ క్రింది ఐదు ప్రశ్నలను పడమటి కర్నూలు విద్యార్థి ముందు ఉంచుదము.

మొదటిది: అశోకుని శాసనములలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికిని, వాని నడుమ కొన్ని కుడి నుండి ఎడమకును చెక్కబడిన శిలలు ఎచ్చట నున్నవి? రెండవది: రైతువారీ పద్ధతికి పేరుపడి, 1820 నుండి చెన్నపట్టణపు గవర్నరుగా నుండి, 1827 జూలై 6వ తేదీన పర్యటనలోనే కన్నుమూసిన దొర ఎవరు? మూడవది: తొలకరి కురిసినంతనే ఇరుగు పొరుగు జిల్లాలవారు సైతము వచ్చి చేలలో తల వంచి వజ్రములు వెదకు గ్రామము ఏది? నాలుగవది: దక్షిణ అమెరికా నుండి బయలుదేరి లోకము చుట్టివచ్చి, తెలుగున రామములగ యను పేరును సంపాదించుకొన్న పంట ఏది? ఐదవది: పనులు కరవైన దినములలో ఇంటికి తాళము వేసి, పిల్లాపాపలతో పరాయి జిల్లాలకు కూలికి తరలిపోవుటకు ఈ సీమ వారు పెట్టుకొన్న పేరేమి?

జవాబులు వరుసగా ఎఱ్ఱగుడి, సర్ థామస్ మన్రో, జొన్నగిరి, టమోటా, సుగ్గి. ఈ ఐదింటిని కలుపునది ఏది?

పత్తికొండ యని వెంటనే జవాబు వచ్చును. అది తప్పు కాదు. ఎఱ్ఱగుడి పూర్వపు పత్తికొండ తాలూకాలోనిదే. మన్రో కన్నుమూసినది పత్తికొండలోనే. జొన్నగిరి తుగ్గలికి చెంతనే కలదు. కర్నూలు జిల్లాలో టమోటా అంగడి యనగానే పత్తికొండయే స్ఫురించును. సుగ్గికి పోవు బండ్లు కదలునది ఈ పల్లెల నుండియే. కాని ఊరి పేరు చెప్పుట పటముపై వ్రేలు పెట్టుట వంటిది. ఈ ఐదును ఒకచోట ఏల చేరినవో అది చెప్పజాలదు. ఇంకొక లోతునకు దిగినచో అసలు సూత్రము కనబడును. ఆ సూత్రము నీరు.

ఎఱ్ఱగుడి శిలలపై అశోకుని పదునాలుగు ధర్మలిపులును కలవు. వానిలో రెండవది మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పరచుటను, మూలికలు నాటించుటను, బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించుటను పేర్కొనుచున్నది. సుమారు 2250 ఏండ్ల క్రిందట ఈ ఎండిన నేలపై నిలిచిన రాజశాసనము బావిని గూర్చియు నీడను గూర్చియు పలికినది. పత్తికొండకు చేరువనున్న రాజుల మందగిరి శిలపైనను అశోకుని లఘుశాసనము కలదు. ఆ బాటలను నడచినవారికి దప్పిక ఎట్టిదో శాసనము వ్రాయించినవారు ఎరుగుదురు.

మన్రో కథ ఇంకను విచిత్రమైనది. 1800లో నిజాము వలన కుంఫిణీకి సంక్రమించిన దత్తమండలములను ఏడేండ్లు పాలించిన ఈతడు, స్వదేశమునకు మరలిపోవుటకు ముందు ఆ మండలములను కడపటి మారు చూడవచ్చి కలరా సోకి పత్తికొండలో మరణించెను. కలరా నీటి మూలమున వచ్చునని ఆనాడు వైద్యులకును తెలియదు. 1854లో లండను నగరమందలి సోహో పేటలో ఆ వ్యాధి చెలరేగినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు మరణములు సంభవించిన ఇండ్లను పటముపై గుర్తించెను. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క విడి జవాబు. అన్నిటిని కలుపునది బ్రాడ్ వీధిలోని నీటి పంపు అని యాతడు గ్రహించెను. ఆ పంపు పిడిని ఊడదీయించిరి. 1884లో రాబర్ట్ కోఖ్ కలకత్తాకు వచ్చి ఒక చెరువు నీటిలో ఆ వ్యాధిక్రిమిని చూపెను. జవాబులను కలుపు దారమును వెదకుట వినోదము మాత్రమే యనువారు ఈ కథను తలచుకొనవలెను. ఇక మన్రో స్మృతికై నాటి ప్రభుత్వము పత్తికొండలో చేయించినది ఏమి? మెట్లు కట్టిన బావియు, చెట్ల తోపును. నీటి వలన పోయిన మనుజునికి నీటినే స్మారకముగా నిలిపిరి. చేసినవారికి ఆ సంగతి తెలియదు. అశోకుని శాసనము ఏ రెండింటిని పేర్కొన్నదో ఆ రెండే మరల ఈ సీమలో వెలసినవని వారికి అసలే తెలియదు. ఎఱ్ఱగుడి శాసనములు ఒక భూగర్భ శాస్త్రజ్ఞుని కంటబడినది ఆ తరువాత సుమారు వందేండ్లకు.

జొన్నగిరి వజ్రములను చూపునది వాన. తొలకరి జల్లు పైమట్టిని కడిగివేయగా రాళ్ళు బయటపడును. ఎండకు తళుక్కుమన్న దానికై జనులు వంగి వెదకుదురు. అదే వానకై గొర్రు సిద్ధము చేసుకొని రైతు ఎదురుచూచును. ఒకే మేఘము ఒకనికి విత్తనమును, వేరొకనికి ఆశను చల్లిపోవును. టమోటా బరువులో నూటికి తొంబది పాళ్ళకు మించి యున్నది నీరే. ధర పడిపోయిన యేడు పత్తికొండ రైతు గంపలకొలది కాయలను బాట ప్రక్కన పారబోయుట పలుమారులు చూచినదే. తన బోరుబావి నుండి చుక్క చుక్కగా తోడిన నీటినే యాతడు బాటపై ఒలకబోసి పోవుచున్నాడని గ్రహించువారు అరుదు. ఇక సుగ్గి. వాన తప్పిన యేడు గుంటూరు సీమ మిరప చేలకును పత్తి చేలకును తరలు కుటుంబములలో బడి యీడు పిల్లలుందురు. సామాన్య జ్ఞాన పరీక్ష జరుగు దినమున వారి బల్లలు ఖాళీగా నుండును.

ఇట్లు ఊరి పేరు వద్ద ఆగినవానికి ఐదు వింతలు మాత్రమే దక్కును. నీటివరకు దిగినవానికి తన సీమ చరిత్రయు, వైద్యమును, వ్యవసాయమును, వలసయు ఒకే పాఠముగా తోచును. శ్రీశైలము జలాశయపు నీటిని మాల్యాల వద్ద ఎత్తిపోసి కరవు నేలకు తెచ్చు హంద్రీ నీవా పథకము ఏల పుట్టినదో, పందికోన జలాశయము పత్తికొండ ప్రాంతమున ఏల వెలసినదో, తుంగభద్ర దిగువ కాలువ నీటికై ఆదోని ఎమ్మిగనూరు రైతులు ఏల కనులు కాయలు కాచునట్లు చూతురో యాతనికి వేరుగ బోధింపనక్కరలేదు. ఆ ప్రశ్నలను తానే అడుగును.

అయినను ఒక హెచ్చరిక అవసరము. దారము వెదకుట నేర్చినవానికి లేని దారములు కూడ కనబడును. పత్తికొండ పేరులో పత్తి కలదు. ఆదోని పత్తి విపణికి ప్రసిద్ధము. ఎమ్మిగనూరు చేనేతకు నిలయము, మాచాని సోమప్ప 1938లో నేతపనివారి సహకార సంఘమును స్థాపించిన ఊరు. మూడింటిని కలుపునది పత్తియే గనుక పత్తికొండకు ఆ పేరు పంట వలననే వచ్చినదని తీర్పు చెప్పుట ఎంత సుకరము! ఆదోని ఎమ్మిగనూరుల ముడి గట్టిదే. ఊరి పేరుతో వేసిన ముడికి మాత్రము శబ్దసామ్యము తప్ప సాక్ష్యము చూపవలసి యున్నది. అశోకుని కాలపు సువర్ణగిరి జొన్నగిరియే యని కొందరు పండితులు తలచిరి. కర్ణాటకమందలి కనకగిరి యని వేరు కొందరు వాదించిరి. రెండు పేర్లలోను గిరి యుండుటచేత వాదము తీరదు. చేనేత కార్మికుడు ముడి వేసిన పోగును ఒకమారు లాగి చూచును. నిలిచినదే ముడి. విద్యార్థికి దారము వెదకుటతో పాటు దానిని లాగి చూచుటయు నేర్పవలెను.

ఇందుకు ధనవ్యయము లేదు, క్రొత్త గ్రంథములు అక్కరలేదు. వారమునకొకసారి ఉపాధ్యాయుడు ఐదు ప్రశ్నలడిగి, ఆరవదిగా వాని సూత్రమును అడుగవచ్చును. మార్కులలో సగము ఆరవ ప్రశ్నకు కేటాయింపవలెను. ఐదింటిలో రెండైన తన మండలమునకు సంబంధించినవై యుండవలెను. సూత్రమును కనుగొన్న విద్యార్థిని అంతటితో కూర్చుండనీయక, అది సరియైనదని ఎట్లు తెలిసినదని అడుగవలెను. మరుసటి వారము ప్రశ్నల మాలను విద్యార్థులనే కూర్చుమని చెప్పిన మరియు మంచిది. జవాబు చెప్పుటకంటె ప్రశ్న కూర్చుటకే ఎక్కువ తెలియవలెను. సుగ్గి నుండి తిరిగివచ్చిన బాలుడు ఈ యాటలో వెనుకబడడు. రాజధానుల పట్టిక యాతనికి రాకపోవచ్చును. నీరు లేని ఊరికిని నీరున్న ఊరికిని గల భేదమును యాతడు నడచి తెలిసికొన్నాడు.

యక్షుని కథ జరిగినది ఒక కొలను గట్టున. దప్పికగొన్న పాండవులకు నీటికి ముందు ప్రశ్నలు ఎదురైనవి. ప్రశ్నలను లెక్కచేయక త్రాగిన నలుగురు నేల కొరిగిరి. పత్తికొండ సీమలో ఆ కొలను ఇంకను నిండలేదు. అది నిండుటకు త్రవ్వువారును, కాలువ కట్టువారును, లెక్క అడుగువారును కావలెను. వారు నేడు బడి బల్లలపై కూర్చుండి అశోకుని శాసనములు ఎచ్చట నున్నవను ప్రశ్నకు జవాబు వ్రాయుచున్నారు. ఆ శాసనములో ఏమున్నదని కూడ వారిని అడుగవలెను.