కూలిన చోటనే కొత్త లోకం

ఈ సంచికకు నూతన సృష్టిని అంశంగా తీసుకున్నాం. పరలోకం మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు ఈ లోకం బాగోగులు పట్టవని చాలామంది అంటారు. అలాంటి బోధ మన చర్చిల్లో వినిపిస్తున్న మాట నిజమే. అయితే ప్రకటన గ్రంథం చివర మనుషులు పైకి వెళ్లిపోరు. దేవుని నగరమే కిందికి దిగివస్తుంది. అది నమ్మినవాళ్లు ఇక్కడి నేలను, ఇక్కడి దేహాలను ఎలా వదిలేస్తారు? మన ఉత్తర తెలంగాణలోనే, నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో, 1915లో స్కాట్లాండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి తెరిచారు. ఊళ్లు వెలివేసిన మనుషులకు చాల్‌మోగ్రా నూనెను సూదితో ఎక్కించేవారు. చిక్కటి నూనె, విపరీతమైన నొప్పి, అయినా మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. రోగాన్ని పూర్తిగా కుదిర్చే మందులు అప్పటికింకా రాలేదు. అవి వచ్చేదాకా ఆగకుండా పుండ్లు కడిగి కట్లు కట్టారే, ఆ ఓపికనే మేం ఆశ అంటున్నాం.

ఇదంతా మతం మార్చడానికే కదా అని ఇంకొందరు అడుగుతారు. సేవను ఎరగా వాడితే అది తప్పే, అందులో మాకు మొహమాటం లేదు. కానీ ఆ ఆసుపత్రికి పెద్ద విరాళమిచ్చిన నర్సాగౌడ్ హిందువు. బాగుచేసే పనిలో విశ్వాసాలు వేరైనవాళ్లు కలిసి నిలబడగలరనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం మాకు కనిపించలేదు. నూతన సృష్టి అంటే గాయాలను దాచడం కూడా కాదు. తిరిగి లేచిన క్రీస్తు దేహం మీద గాయాల గుర్తులు పోలేదు. అందుకే ఈ సంచికలోని రచనలు ఎండిన చెరువులను, రైతుల అప్పులను, చర్చి లోపలే మిగిలిన కులాన్ని దాచకుండా చూపిస్తాయి. ఒప్పుకోలేని చోట మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.