పాత సిస్టమ్‌ను పక్కన పడేసే ముందు బయాస్ తెరవండి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో కామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి ఊళ్లలో ఇంటర్నెట్ సెంటర్లకూ, జిరాక్స్ షాపులకూ, బడుల్లోని కంప్యూటర్ గదులకూ ఒకటే బెంగ. విండోస్ 11 ఎక్కిద్దామంటే ‘ఈ పీసీకి అర్హత లేదు’ అని తెర మీద వస్తుంది. కొత్తది కొనక తప్పదనుకుంటారు. ఆ మాట చాలాసార్లు యంత్రం గురించి కాదు, మదర్‌బోర్డులో ఆఫ్ చేసి ఉన్న ఒక సెట్టింగ్ గురించి చెబుతుంది. అందుకే ఆ సెట్టింగులుండే బయాస్ చూడకుండా ఏ డెస్క్‌టాప్‌నూ పనికిరానిదిగా తేల్చకూడదు.

విండోస్ 11 అడిగేవి ఇవి: 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, సెక్యూర్ బూట్‌కు వీలున్న యూఈఎఫ్ఐ (కొత్త తరం బయాస్), టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్. టీపీఎం అనగానే విడిగా కొనాల్సిన చిప్ అనుకుంటారు. ఈ తరాల సిస్టమ్‌లలో అది సాధారణంగా లోపలే ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం. విడిగా అమ్మిన చాలా బోర్డుల్లో దాన్ని ఆఫ్‌లోనే ఉంచారు. సిస్టమ్ ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి, దాన్ని ఎనేబుల్ చేసి, ఎఫ్10తో సేవ్ చేస్తే సరిపోయే పనికి వేల రూపాయలు పెట్టడం దండగ.

ఇదొక్కటే కాదు. రోజూ తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయిందన్న మాట. తేదీ తప్పితే బ్రౌజర్ సురక్షిత సైట్లను తెరవదు, డిజిటల్ సంతకాలు చెల్లవు. జనం నెట్‌నో, వైరస్‌నో తిట్టుకుంటారు, మెకానిక్ ఫార్మాట్ కొడతాడు. సెల్ మార్చి తేదీ సరిచేస్తే చాలు. 3200 వేగమని కొన్న డీడీఆర్4 ర్యామ్ కూడా బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేయకపోతే తరచూ 2133 లేదా 2666 దగ్గరే నడుస్తుంది.

‘తెలియనివాళ్లు బయాస్‌లో వేలు పెడితే ఉన్నది కూడా పోతుంది’ అనేవాళ్లున్నారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉండగా పాత తరహా బూట్‌కు వీలిచ్చే సీఎస్‌ఎం ఆఫ్ చేస్తే విండోస్ లేవదు, ముందు డిస్క్‌ను జీపీటీకి మార్చాలి. సాటా మోడ్ మార్చినా నీలి తెర పడవచ్చు. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ అడుగుతుంది. వీటికి విరుగుడు జాగ్రత్తే: డేటా వేరే డిస్క్‌కు కాపీ చేయడం, ఉన్న సెట్టింగులను ఫోన్‌తో ఫొటో తీయడం, ఒకసారికి ఒక్కటే మార్చడం. ఎసరు పొంగుతుందని పొయ్యి వెలిగించడం మానేయం కదా.

‘8వ తరం కంటే పాతవాటి మాటేమిటి’ అనేది న్యాయమైన ప్రశ్న. వాటిని బయాస్ గట్టెక్కించలేదు. బడి పిల్లల టైపింగుకూ, లెక్కల పట్టికలకూ వాటిలో ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవచ్చు. పూర్తిగా చెడినవాటిని పాత ఇనుముకు వేయకుండా, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదిత రీసైక్లర్‌కు అప్పగించాలి. మిగతావాటికి మాత్రం ఓ నియమం పెట్టుకోవాలి. కొత్త కంప్యూటర్ల కొనుగోలు ఫైలు మీద సంతకం చేసే హెడ్మాస్టరైనా, ఆఫీసరైనా, షాపు యజమానైనా ముందుగా ప్రాసెసర్ తరం, టీపీఎం, సెల్, ర్యామ్ వేగం కాగితం మీద రాయించి చూడాలి. ఆ నాలుగూ చూశాకే సంతకం పెట్టాలి.