గాజు రెయిలింగ్: పగిలాక ఏమవుతుందన్నదే ప్రశ్న

బాల్కనీలకు, కార్యాలయాల మెట్లకు ఇనుప ఊచల స్థానంలో గాజు రెయిలింగులు వస్తున్నాయి. ‘టఫెన్డ్ గాజే కదా’ అన్న అమ్మకందారు మాటతో చాలామంది సరిపెట్టుకుంటున్నారు. సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, వేగంగా చల్లార్చిన ఈ గాజు దృఢమైనదే. పగిలినా పదునైన పెంకులుగా కాక చిన్న పలుకులుగా రాలుతుంది. చిక్కంతా అక్కడే. పలక మొత్తం రాలిపోతే ఐదో అంతస్తు అంచున అడ్డేముంటుంది? పైగా, తయారీలో చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రేణువుల వల్ల ఏ దెబ్బా తగలకుండానే, బిగించిన కొన్నేళ్లకు సైతం అది పగలవచ్చు. రెండు పలకల నడుమ ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ గాజు బీటలు వారినా ముక్కలను పట్టి ఉంచుతుంది.

భద్రతా గాజుకు ఐఎస్ 2553, భవనాల్లో దాని వినియోగానికి ఐఎస్ 16231 ప్రమాణాలున్నాయి. అయితే ఐఎస్‌ఐ ముద్ర పలకకే పరిమితం. బిగింపు నాణ్యతను అది చెప్పదు. టఫెన్ చేశాక గాజును కోయడం, రంధ్రం వేయడం కుదరదు. కొలత తప్పితే కొత్త పలక తెప్పించవలసిందే తప్ప, సందును సిలికాన్‌తో పూడ్చి ఊరుకోరాదు.