గాలి లెక్క

గాలికి బిల్లు రాదు గనుక దాని లెక్క మనమెవరమూ చూడం. గుమాస్తాగిరీలో ఇరవై ఏళ్ళు అంకెలతో కాపురం చేసినవాణ్ణి, నేనూ చూడలేదు.

జేకేపూర్ చలి సంగతి మైదానం నుంచి వచ్చిన చుట్టాలకు చెబితే నవ్వుతారు. పుష్యమాసంలో ఒక్క రాత్రి ఇక్కడ పడుకుంటే నవ్వరు. చుట్టూ కొండలు, దాపున నాగావళి, తెల్లవారేసరికి పొగమంచు. 1962లో కాగితపు మిల్లు మొదలైన నాటినుంచీ ఇక్కడ పాతుకున్న మన కుటుంబాలకు చలికి తెలిసిన మందు ఒక్కటే, తలుపులు బిగించడం.

కిందటి ఏడు నేను ఇంకొక అడుగు ముందుకు వేశాను. తలుపు పైనున్న వెంటిలేటరులో పాత పత్రికలు కుక్కి, మా అమ్మ మంచం దగ్గర బొగ్గుల కుంపటి పెట్టాను. పొగ లేదు కదా అని ధీమా. నాలుగు గంటలకు లేచి చూస్తే అమ్మ తల పట్టుకొని కూర్చుంది. వాంతులు, నిలబెడితే తూలిపోతోంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, బతికింది. బొగ్గు సరిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, రక్తంలో ప్రాణవాయువు ఎక్కవలసిన చోట అది రెండువందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుందనీ డాక్టరుగారు చెప్పారు. ఆ రోజంతా నాకు కూడికలు కుదరలేదు.

ఈ సంగతి విని మా మేనల్లుడు, పాలిటెక్నిక్ కుర్రవాడు, ఒక తెలివిగల పెట్టె చేస్తానన్నాడు. చేశాడు. సబ్బుపెట్టెంత ఉంటుంది. వేడికీ తేమకూ ఒక సెన్సారు, మనం విడిచే కార్బన్ డయాక్సైడుకు ఇంకొకటి. ఇది గాలిలోంచి పరారుణ కాంతిని పంపి, ఎంత కాంతిని వాయువు మింగిందో చూసి లెక్క కడుతుందట. పెరట్లో పెడితే పది లక్షల పాళ్ళకు 430 చూపింది. తలుపులు బిగించి ముగ్గురం పడుకున్న గదిలో తెల్లవారుజామున 2,300! కుంపటి లేకుండానే సుమండీ.

"మరి ఆ కుంపటి విషాన్ని ఇది పడుతుందా?" అన్నాను.

"పట్టదు మావయ్యా. అది వేరే వాయువు. దానికి నమ్మకమైన అలారం తయారుగా కొనుక్కోవాలి, దానికీ గడువు తేదీ ఉంటుంది. నేను అతికించిన పెట్టెమీద ప్రాణం పెట్టకూడదు."

తన చేతిపనిని ఇంత తక్కువచేసి చెప్పుకునేవారు అరుదు. అలారం కొన్నాము. కుంపటి గడప దాటింది.

అసలు చిక్కు దీపాల దగ్గర వచ్చింది. ఎర్రదీపం వెలిగితే కిటికీ తియ్యాలి, పసుపుది వెలిగితే వేడి వృథా అవుతోంది గనుక మూయాలి. హీటరు పెట్టిన రాత్రి రెండూ కలిసి వెలిగాయి.

"ఏట్రా ఇది, ఒకటి తియ్యమంటాది, ఒకటి ముయ్యమంటాది. నేనెవరి మాట ఇనాల?" అంది అమ్మ.

"ఫోనుకి కబురొస్తుందిలే అమ్మమ్మా."

"నాకు ఫోనేదిరా?"

కుర్రవాడు బుర్ర గోక్కున్నాడు. మర్నాడు ఫోను సంగతి తీసేశాడు. ఎర్రది వెలిగితే పసుపుది ఆరిపోయేటట్టు మార్చాడు. ముందు ఊపిరి, తరువాత బిల్లు.

బిల్లు చిన్నదేమీ కాదు. 75 వాట్ల ఫ్యాను పదమూడు గంటలు తిరిగితేగాని ఒక యూనిట్ కాదు. 2,000 వాట్ల హీటరు అరగంటలో ఒక యూనిట్ మింగుతుంది. ఆ వేడి పోయే దారి పట్టుకోవడానికి మాత్రం ఏ సెన్సారూ అక్కర్లేకపోయింది. అగరొత్తి వెలిగించి తలుపు చుట్టూ తిప్పాము. అడుగు సందు దగ్గర పొగ ఒక్కసారి లోపలికి వంగింది. పాత చీర చుట్టి పొడుగాటి దిండుచేసి అక్కడ వేశాము. వెంటిలేటరులోని కాగితాలు నేనే పీకేశాను. వేడెక్కిన పాడుగాలి పైకి పోతుంది గనుకనే కదా పెద్దలు దాన్ని అంత ఎత్తున పెట్టారు. ఎర్రదీపం వెలిగితే హీటరు ఆపి, పది నిమిషాలు కిటికీ బార్లా తీసి మూసేస్తాము. అంతలో గోడలు చల్లారవు.

నిన్న రాత్రి రెండు గంటలకు దీపం వెలిగింది. నేను దుప్పటి తీసేలోపే అమ్మ లేచి కిటికీ రెక్క తోసి, శాలువా కప్పుకొని, నన్ను పడుకోమంది.