గుండె లెక్కకు బ్యాటరీ కోత
చిన్న పరికరాల్లోని బ్యాటరీలను వాడేవారే తీసి మార్చుకునే వీలుండాలన్న ఐరోపా సమాఖ్య నిబంధనకు 2027 ఫిబ్రవరి 18 ముహూర్తం కావడం స్వాగతించదగ్గదే అయినా, స్మార్ట్ వాచీల చిక్కు అంతటితో తీరదు. మణికట్టుపై ఆకుపచ్చ కాంతిని ప్రసరింపజేసి నాడిని లెక్కించే సెన్సర్ ఆపకుండా పనిచేస్తే బుల్లి బ్యాటరీ ఇట్టే ఖాళీ అవుతుంది. అందుకే చాలా వాచీలు నడుమ నడుమ మాత్రమే కొలుస్తాయి. ఆ విరామంలో గుండె లయ తప్పినా నమోదు కాదు. ఒంటి వేడి నుంచి రాబట్టగల విద్యుత్తు చదరపు సెంటీమీటరుకు మైక్రోవాట్లలోనే ఉన్నందున, ఆ ప్రత్యామ్నాయమూ ఇప్పట్లో ఆదుకోదు. రోజూ చార్జింగ్ పెట్టే బ్యాటరీ కొన్నేళ్లకే సత్తువ కోల్పోతే, జిగురుతో మూసేసిన వాచీ మొత్తం చెత్తపాలవుతుంది. మన 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు సేకరణ, రీసైక్లింగ్ బాధ్యతను ఉత్పత్తిదారులపై మోపాయే తప్ప, మార్చుకునే వీలుపై పట్టుబట్టలేదు. కేంద్రం ఆ లోటును పూడ్చాలి. అంతేకాదు, బ్యాటరీ ఇన్ని రోజులు వస్తుందని చాటుకునే సంస్థలు, ఏ సెన్సర్‌ను ఎన్ని నిమిషాలకోసారి పనిచేయిస్తే ఆ లెక్క తేలిందో పెట్టెపైనే ముద్రించడాన్ని తప్పనిసరి చేయాలి.